గెలిచినా గడప బయటే: ఐజ్వాల్ ఫుట్‌బాల్ విజయం ‘మెరిట్’ గురించి చెప్పేదేమిటి?

రిజర్వేషన్ల మీద చర్చ వచ్చిన ప్రతిసారీ మన ముందు ఆట మైదానాన్ని ఉదాహరణగా పెడతారు. ‘క్రికెట్ టీముకు కోటా ఉందా? ఫుట్‌బాల్ టీముకు కోటా ఉందా? అక్కడ ఆడగలిగినవాడే ఆడతాడు, గెలవగలిగినవాడే గెలుస్తాడు. ఉద్యోగాల్లో, చదువుల్లో మాత్రం కోటాలెందుకు?’ అని అడుగుతారు. క్లాసురూముల్లో, టీవీ చర్చల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఈ ప్రశ్న వినని విద్యార్థి మనలో ఉండరు.

సరే, వాళ్లు చూపించిన మైదానంలోకే వెళ్లి చూద్దాం. ఈ దేశపు జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌లో 2016-17 సీజన్ ఛాంపియన్ ఎవరు? ఆ ఛాంపియన్‌కు ఆ తర్వాత ఏం జరిగింది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే మెరిట్ అనే మాటకు ఈ దేశంలో ఉన్న అసలు అర్థం కొంత తెలుస్తుంది. ఇండియన్ సూపర్ లీగ్ సంక్షోభంలో పడి, దేశంలో ఫుట్‌బాల్‌ను ఎవరు ఎలా నడపాలన్న చర్చ మళ్లీ మొదలైన ఈ సమయంలో ఆ సీజన్‌ను గుర్తు చేసుకోవడం అవసరమని మేము అనుకుంటున్నాం.

ఒక్క పాయింట్ తేడా

2017 ఏప్రిల్ 30న షిల్లాంగ్‌లో ఐ-లీగ్ చివరి రోజు మ్యాచ్ జరిగింది. ఒక పక్క స్థానిక జట్టు షిల్లాంగ్ లజాంగ్, మరో పక్క మిజోరం రాజధాని నుంచి వచ్చిన ఐజ్వాల్ ఎఫ్‌సీ. ఐజ్వాల్‌కు డ్రా చాలు. ఆట మొదట్లోనే లజాంగ్ గోల్ కొట్టింది. రెండో అర్ధభాగంలో ఐజ్వాల్ కుర్రాడు విలియం లాల్‌నున్‌ఫెలా దాన్ని సమం చేశాడు. మ్యాచ్ 1-1తో ముగిసింది. 18 మ్యాచ్‌ల్లో 37 పాయింట్లతో ఐజ్వాల్ ఛాంపియన్ అయింది. 36 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచింది 1889లో పుట్టిన కోల్‌కతా దిగ్గజం మోహన్ బగాన్. ఈశాన్య రాష్ట్రాల నుంచి ఒక క్లబ్బు జాతీయ లీగ్ గెలవడం అదే మొదటిసారి.

ఆ ఒక్క పాయింట్ తేడా గాలివాటంగా రాలేదు. అంతకు ఎనిమిది రోజుల ముందు, ఏప్రిల్ 22న ఐజ్వాల్‌లోని రాజీవ్ గాంధీ స్టేడియంలో మోహన్ బగాన్‌నే 1-0తో ఓడించారు. ఆ గోల్ చేసింది డిఫెండర్ జోమింగ్లియానా రాల్టే. టైటిల్ పోటీలో ఉన్న జట్టును చివరి దశలో నేరుగా ఓడించి సాధించిన విజయమిది. ఇంతకంటే శుద్ధమైన మెరిట్ ఏ పరీక్షలో దొరుకుతుంది?

ఆ జట్టు కూర్పు కూడా గమనించదగ్గది. స్థానిక మిజో కుర్రాళ్లు, ఇతర క్లబ్బులు పక్కనపెట్టిన కొందరు ఆటగాళ్లు, సిరియా నుంచి వచ్చిన మహమూద్ అల్ అమ్నా, లైబీరియాకు చెందిన ఆల్‌ఫ్రెడ్ జర్యాన్. కోచ్ ఖాలిద్ జమీల్‌ను అంతకుముందే ముంబై ఎఫ్‌సీ వదులుకుంది. సీజన్ మొత్తానికి క్లబ్బు బడ్జెట్ సుమారు 2 కోట్ల రూపాయలని అప్పట్లో వార్తలొచ్చాయి. పెద్ద క్లబ్బుల్లో ఇద్దరు ముగ్గురు ఆటగాళ్ల మీద పెట్టే డబ్బుతో ఒక జట్టు మొత్తం నడిచింది.

అసలు ఆ సీజన్‌లో ఉండాల్సిన జట్టే కాదు

దీనికి ముందు సీజన్ కథ తెలియకపోతే ఈ విజయం సగమే అర్థమవుతుంది. ఐజ్వాల్ ఎఫ్‌సీ 2015-16లోనే తొలిసారి ఐ-లీగ్‌లోకి వచ్చింది. అదీ రెండో డివిజన్ గెలిచి, అర్హత సాధించి. ఆ ఏడాది తొమ్మిది జట్లలో ఎనిమిదో స్థానంలో నిలిచింది. అట్టడుగున, తొమ్మిదో స్థానంలో ఉన్నది పుణెకు చెందిన డీఎస్‌కే శివాజియన్స్. లోకంలో ఎక్కడైనా చివరి జట్టు కింది లీగ్‌కు దిగిపోతుంది. ఇక్కడ మాత్రం ఎనిమిదో జట్టును దించారు, తొమ్మిదో జట్టును ఉంచారు.

కారణం నిబంధనల్లోనే ఉంది. డీఎస్‌కే శివాజియన్స్ కార్పొరేట్ కోటాలో నేరుగా లీగ్‌లోకి వచ్చిన జట్టు. అలా వచ్చిన జట్లకు మొదట్లో రెలిగేషన్ నుంచి మినహాయింపు ఉంది. అంటే డబ్బు కట్టి వచ్చినవారికి ఓడినా రక్షణ ఉంటుంది. ఆడి గెలిచి వచ్చినవారికి ఆ రక్షణ లేదు.

ఈ ఏర్పాటును ఎవరూ ‘రిజర్వేషన్’ అనలేదు. ‘మెరిట్‌కు అన్యాయం’ అని ఎవరూ రోడ్డెక్కలేదు. మనకు రాజ్యాంగం ఇచ్చిన హక్కును దానం అంటారు. డబ్బున్నవాడికి నిబంధన ఇచ్చిన మినహాయింపును మాత్రం వ్యాపార ప్రోత్సాహం అంటారు.

తర్వాత గోవా క్లబ్బులు సల్గావకర్, స్పోర్టింగ్ క్లబ్, డెంపో లీగ్ నిర్వహణ మీద అసంతృప్తితో తప్పుకున్నాయి. జట్లు తగ్గిపోవడంతో ఐజ్వాల్‌ను మళ్లీ పిలిచారు. ఆ ఖాళీ ఏర్పడకపోతే 2017 ఛాంపియన్ ఆ లీగ్‌లోనే ఉండేది కాదు. ఎంత ప్రతిభ ఇలా తలుపు బయటే ఆగిపోయిందో లెక్క తీసినవాళ్లు లేరు. ఐఐటీల్లో, విశ్వవిద్యాలయాల్లో ‘తగిన అభ్యర్థి దొరకలేదు’ అన్న ఒక్క వాక్యంతో ఖాళీగా మిగిలిపోయే పోస్టుల సంగతి మనకు కొత్త కాదు.

ఇది అద్భుతం కాదు, ఏర్పాటు

పత్రికలు ఐజ్వాల్‌ను ‘ఇండియా లెస్టర్’ అన్నాయి. 2015-16లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ గెలిచి లోకాన్ని ఆశ్చర్యపరిచిన లెస్టర్ సిటీతో పోల్చాయి. పోలిక వినసొంపుగా ఉంది కానీ రెండు చోట్ల తప్పుదారి పట్టిస్తుంది.

మొదటిది, ఇది ఆకాశం నుంచి ఊడిపడ్డ అద్భుతం కాదు. 2011 జనగణన ప్రకారం మిజోరం జనాభా 11 లక్షల లోపే. మన దగ్గర ఒక ఓ మోస్తరు జిల్లాకంటే చిన్నది. అందులో 94 శాతానికి పైగా షెడ్యూల్డ్ తెగలవారు. 1966 మార్చిలో భారత వైమానిక దళమే ఐజ్వాల్ మీద బాంబులు వేసింది. తర్వాత ఇరవై ఏళ్ల సాయుధ పోరాటం, ఊళ్లకు ఊళ్లను బలవంతంగా తరలించి ఒకచోట గుంపు చేయడం, 1986లో శాంతి ఒప్పందం, 1987లో రాష్ట్ర హోదా. ఐజ్వాల్ ఎఫ్‌సీ 1984లో, ఆ గాయాలు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే పుట్టింది.

అంత చిన్న రాష్ట్రం ఫుట్‌బాల్‌ను సామూహికంగా నిర్మించుకుంది. చదునైన నేల దొరకని కొండల్లో మైదానాలు చెక్కుకున్నారు. 2012లో మిజోరం ప్రీమియర్ లీగ్ మొదలుపెట్టారు. దాన్ని స్థానిక కేబుల్ సంస్థ జోనెట్ ఇంటింటికీ చేర్చింది. 2014లో రాష్ట్ర జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. షైలో మాల్‌సామ్‌త్లువాంగా, జేజే లాల్‌పెఖ్లువా వంటి ఆటగాళ్లను చూసి ఒక తరం పిల్లలు బూట్లు కట్టారు. మూడేళ్ల తర్వాత ఐజ్వాల్ గెలిచింది. మైదానం, పోటీ, కోచింగ్, చూసే జనం ఉంటే ప్రతిభ దానంతటదే బయటికొస్తుందని మిజోరం నిరూపించింది. బడి, హాస్టల్, స్కాలర్‌షిప్ గురించి మనం చెప్పేది కూడా సరిగ్గా ఇదే.

రెండోది, లెస్టర్ గెలిచాక మరుసటి ఏడాది యూరప్ ఛాంపియన్స్ లీగ్‌లో ఆడింది. తన దేశపు అగ్రశ్రేణి లీగ్‌లో దాని స్థానం గురించి ఎవరూ ప్రశ్నించలేదు. ఐజ్వాల్ మాత్రం గెలిచిన మరునాటి నుంచే, తాను ఏ లీగ్‌లో ఉంటుందోనని బతిమాలుకోవాల్సి వచ్చింది.

గెలిచాక మారిన కొలబద్ద

2010లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తన వాణిజ్య హక్కులను 15 ఏళ్ల పాటు ఐఎంజీ-రిలయన్స్‌కు అప్పగించింది. ఒప్పందం విలువ 700 కోట్ల రూపాయలు. దాని ఫలితంగా 2014లో ఇండియన్ సూపర్ లీగ్ వచ్చింది. సినిమా తారలు, క్రికెటర్లు, కంపెనీలు యజమానులుగా ఎనిమిది ఫ్రాంచైజీలు. ఈశాన్యం మొత్తానికి కలిపి ఒకే ఒక్క జట్టు, గువహతిలో. 2017 నాటికి ఈ లీగ్‌నే దేశపు అగ్రశ్రేణి లీగ్‌గా మార్చాలన్న ప్రయత్నాలు ముమ్మరమయ్యాయి.

ఐజ్వాల్ టైటిల్ గెలిచిన సుమారు ఆరు వారాలకు, 2017 జూన్‌లో సూపర్ లీగ్‌లోకి రెండు కొత్త జట్లను ప్రకటించారు. ఒకటి జిందాల్ సంస్థకు చెందిన బెంగళూరు ఎఫ్‌సీ. అది ఐ-లీగ్ రెండుసార్లు గెలిచిన జట్టే, కాదనలేం. రెండోది టాటా స్టీల్ వారి జంషెడ్‌పూర్. ఆ జట్టు అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అప్పటికింకా ఆటగాళ్లే లేరు. బిడ్ గెలిచాకే జట్టు పుట్టింది. దేశ ఛాంపియన్ పేరు ఆ ప్రకటనలో లేదు. ఎందుకంటే ప్రవేశానికి కావాల్సింది పాయింట్ల పట్టిక కాదు, టెండరు. ఏడాదికి 15 కోట్ల రూపాయల వరకు ఫ్రాంచైజీ రుసుము కట్టాలని అప్పట్లో వార్తలొచ్చాయి. ఐజ్వాల్ మొత్తం బడ్జెట్‌కు అది ఏడు రెట్లు.

క్లబ్బు యజమాని రాబర్ట్ రొమావియా రోయ్టే సమాఖ్యకు లేఖలు రాశారు. నిరాహార దీక్షకైనా దిగుతామన్నారు. ఒక క్రీడా విజేత తన విజయానికి తగిన చోటు కోసం నిరాహార దీక్ష మాట ఎత్తాల్సి రావడాన్ని ఒక్క క్షణం ఆలోచించండి. చివరికి రెండు లీగ్‌లు సమాంతరంగా నడుస్తాయన్నారు. ఐజ్వాల్‌కు ఆసియా ఛాంపియన్స్ లీగ్ అర్హత మ్యాచ్ దక్కింది. 2018 జనవరిలో ఇరాన్ జట్టు జోబ్ ఆహన్ చేతిలో 3-1తో ఓడింది. అప్పటికే విజేత జట్టు చెల్లాచెదురైంది. కోచ్ జమీల్, అల్ అమ్నా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. జయేష్ రాణె, ఆల్బినో గోమ్స్ వంటివారు సూపర్ లీగ్ జట్లకు వెళ్లారు. 2019లో ఆసియా సమాఖ్య ఆమోదంతో సూపర్ లీగే అధికారికంగా అగ్రశ్రేణి అయింది. ఐ-లీగ్ రెండో అంచెకు దిగింది. ఐజ్వాల్‌ను ఏ మ్యాచ్‌లోనూ ఎవరూ కిందికి దించలేదు. దాని కాళ్ల కింద ఉన్న అంతస్తునే కిందికి దించారు.

ఇక్కడే మెరిట్ వాదం గుట్టు బయటపడుతుంది. మనం వెనకబడి ఉన్నప్పుడు ‘మార్కులు తెచ్చుకుని రండి’ అంటారు. మార్కులు తెచ్చుకున్నాక కొలబద్ద మారుతుంది. ఇంటర్వ్యూ అంటారు, ఇంగ్లిష్ అంటారు, ‘ఈ సంస్థకు సరిపోతారా’ అంటారు, ఫీజు అంటారు. జనరల్ కటాఫ్ దాటిన దళిత విద్యార్థి వైవాలో ఒక అంకె మార్కులతో బయటికి రావడం మన విశ్వవిద్యాలయాల్లో ఎన్నిసార్లు వినలేదు? ఐజ్వాల్‌కు జరిగింది అదే. రాత పరీక్షలో ఫస్టు వచ్చింది. వైవాలో బ్యాంకు బ్యాలెన్స్ అడిగారు.

ఆటగాళ్లు కావాలి, జట్టు వద్దు

సూపర్ లీగ్‌కు మిజో ఆటగాళ్లు అక్కర్లేదా అంటే, చాలా అవసరం. ఆ లీగ్‌లోని దాదాపు ప్రతి జట్టూ మిజోరం, మణిపూర్ కుర్రాళ్ల కాళ్ల మీద పరుగెత్తుతోంది. లాలియాంజువాలా ఛాంగ్టే, అపుయా జాతీయ జట్టు స్థాయి ఆటగాళ్లు. వ్యక్తులుగా వాళ్లకు చోటుంది. వాళ్లను తయారుచేసిన సమాజానికి తన సొంత జట్టుతో, తన సొంత మైదానంలో ఆ అగ్రశ్రేణి ఆట చూసే వీలు మాత్రం లేదు.

ఈ పద్ధతి మనకు తెలియనిది కాదు. జాతరకు డప్పు కావాలి, డప్పు కొట్టే మనిషి గుడి మెట్లెక్కకూడదు. క్రికెట్‌లో పల్వంకర్ బాలూ చరిత్ర అదే. చమార్ కులంలో పుట్టి, పుణెలో పిచ్ చదును చేసే పనితో మొదలుపెట్టి, 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసిన బౌలర్ ఆయన. హిందూ జట్టును ఏళ్ల తరబడి గెలిపించాడు. కెప్టెన్సీ మాత్రం ఇవ్వలేదు. ఆయన తమ్ముడు విఠల్ కెప్టెన్ కావడానికి 1923 దాకా ఆగాల్సి వచ్చింది. చేతి బంతి కావాలి, చేతికి అధికారం వద్దు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మిజోలు దళితులు కారు. వాళ్ల సమాజం కుల వ్యవస్థ మీద నిలబడింది కాదు. మిజోరం లోపల కూడా చక్మాలు, బ్రూలు వివక్ష ఎదుర్కొన్నారు. 1997లో వేలాది బ్రూలు ఇళ్లు వదిలి త్రిపుర శిబిరాలకు పారిపోయారు. ఐజ్వాల్ ఎఫ్‌సీ యజమాని కూడా పేదవాడు కాదు, తర్వాత రాష్ట్ర క్రీడా మంత్రి అయ్యారు. కాబట్టి ఇది అమాయక పీడితుల కథగా చెప్పడం మా ఉద్దేశం కాదు. స్థానికంగా బలమున్న యజమాని, రాష్ట్రమంతటి మద్దతు ఉన్న క్లబ్బే ఈ తలుపు తెరవలేకపోయింది. అవేవీ లేనివాళ్ల సంగతేమిటన్నదే మా ప్రశ్న.

హైదరాబాద్ నేర్పిన పాఠం

తెలుగు పాఠకులకు ఈ కథ దూరంగా అనిపిస్తే, మన హైదరాబాద్ వైపు చూద్దాం. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. ఆ పోలీసు జట్టు ఒక సర్కారీ శాఖది. ఆడే కుర్రాడికి అది ఉద్యోగం, జీతం, భద్రత. పేదింటి పిల్లవాడు ఆటను నమ్ముకుని బతకడానికి అదొక దారి.

ఏడు దశాబ్దాల తర్వాత హైదరాబాద్‌కు సూపర్ లీగ్ ఫ్రాంచైజీ వచ్చింది. 2019లో పుణె సిటీ జట్టు మూతపడితే ఆ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఛాంపియన్ కూడా అయింది. రెండేళ్లు తిరక్కుండానే జీతాలు అందక ఆటగాళ్లు వెళ్లిపోయారు. యాజమాన్యం మారింది. 2025 అక్టోబరులో ఆ జట్టు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుని రాజధానికి తరలిపోయింది. పుణె, హైదరాబాద్, ఢిల్లీ. మూడు నగరాలు మారినా సూపర్ లీగ్‌లో దాని చోటు మాత్రం చెక్కుచెదరలేదు.

రెండు ఛాంపియన్లను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి తన జనం మధ్యే ఉండి, గెలిచి, లోపలికి రాలేకపోయింది. మరొకటి గెలిపించిన ఊరినే వదిలేసి వెళ్లింది, అయినా లోపలే ఉంది. లీగ్‌లో చోటు అనేది ఆడి సంపాదించుకునే హక్కు కాదు, కొనుక్కునే ఆస్తి అయినప్పుడు ఇలాగే ఉంటుంది.

ఇప్పుడేం జరుగుతోంది?

ఆ ఆస్తి లెక్క ఇప్పుడు తప్పింది. 15 ఏళ్ల ఒప్పందం 2025 డిసెంబరుతో ముగిసింది. అంతకుముందే జులైలో సూపర్ లీగ్ సీజన్ ఆగిపోయింది. వాణిజ్య హక్కులకు టెండరు పిలిస్తే నవంబరు గడువు నాటికి ఒక్క బిడ్ కూడా రాలేదు. క్లబ్బులు జీతాలు ఆపాయి, శిక్షణ ఆపాయి. కేంద్ర ప్రభుత్వం జోక్యం చేసుకున్నాక 14 జట్లతో కుదించిన సీజన్ 2026 ఫిబ్రవరిలో మొదలైంది. ‘నాణ్యత, సామర్థ్యం, పెట్టుబడి’ పేరుతో ఐజ్వాల్ లాంటి జట్లను బయట ఉంచిన నమూనా తన కాళ్ల మీద తాను నిలబడలేకపోయింది. భారత జట్టు 2027 ఆసియా కప్‌కు అర్హత కూడా సాధించలేదు. మునుగుతున్న ఆ జట్టు పగ్గాలు 2025 ఆగస్టులో ఎవరి చేతికి వచ్చాయి? ఐజ్వాల్‌ను గెలిపించిన ఖాలిద్ జమీల్ చేతికే.

న్యాయంగా చెప్పాలంటే కొంత మారింది. 2022-23 నుంచి ఐ-లీగ్ విజేతకు రుసుము లేకుండా పైకి వెళ్లే దారి తెరిచారు. పంజాబ్, మహమ్మడన్ స్పోర్టింగ్ అలా వెళ్లాయి. కానీ కిందికి దిగే నిబంధన? 2024-25 నుంచి అమలు చేస్తామన్నారు. ఆ సీజన్‌లో సూపర్ లీగ్ నుంచి ఒక్క జట్టూ కిందికి దిగలేదు. ఐ-లీగ్ నుంచి మాత్రం దించారు. పైన ఉన్నవారికి మినహాయింపు, కింద ఉన్నవారికి నిబంధన. 2016లో ఐజ్వాల్‌కు చెప్పిన నీతే మళ్లీ.

మన డిమాండ్లు

ఆటను ‘మెరిట్’ వాదుల ఉదాహరణగా వదిలేయకూడదని మేము అంటున్నాం. విద్యార్థి సంఘాలు, ఉద్యమకారులు ఈ చర్చలోకి రావాలి. పైకి వెళ్లడం, కిందికి దిగడం అన్ని జట్లకూ ఒకేలా అమలు కావాలి. లీగ్‌లో చోటు అమ్మకపు సరుకు కాకూడదు. సమాఖ్యకు వచ్చే ఆదాయంలో రాష్ట్ర, జిల్లా లీగ్‌లకు, గిరిజన ప్రాంతాల మైదానాలకు నిర్దిష్ట వాటా ఉండాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ గురుకులాల పిల్లలకు ఏడాది పొడవునా నడిచే లీగ్ కావాలి. ఒక్కరోజు టోర్నమెంట్, ఫొటో, సర్టిఫికెట్ సరిపోవు. ప్రభుత్వ శాఖల్లో క్రీడా కోటా ఉద్యోగాలు భర్తీ చేయాలి, అందులో ఎస్సీ, ఎస్టీల వాటా ఎంతో లెక్క బయట పెట్టాలి.

ఇకమీదట ‘ఫుట్‌బాల్ టీములో కోటా ఉందా’ అని ఎవరైనా అడిగితే, ఉందని చెప్పండి. ఓడినా కిందికి దిగని కార్పొరేట్ జట్లది ఒక కోటా. ఒక్క మ్యాచ్ ఆడకుండానే అగ్రశ్రేణిలోకి వచ్చిన జట్టుది ఇంకో కోటా. ఆ కోటాలకు రాజ్యాంగంలో ఆర్టికల్ లేదు, జనగణన లెక్క లేదు, చారిత్రక అన్యాయం అనే ప్రాతిపదిక లేదు. ఉన్నది డబ్బు ఒక్కటే. ఆ కోటాలు ఎప్పుడు రద్దు చేస్తారో చెప్పాక, మన రిజర్వేషన్ల గురించి మాట్లాడమనండి.